అరవైకి ఒకటి: విమానం ఎక్కే లెక్క

హౌరా-చెన్నై మెయిన్ లైను నుంచి కొత్తవలస దగ్గర విడిపోయి కిరండూల్ వైపు తిరిగే మార్గాన్ని ఉత్తరాంధ్రలో కేకే లైను అంటారు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడినుంచి జపాన్‌కు చేర్చడానికి 1960లలో వేసిన లైను ఇది. సముద్ర మట్టానికి వంద మీటర్ల ఎత్తు కూడా లేని కొత్తవలస నుంచి బయలుదేరి, శృంగవరపుకోట దాటాక కొండలకు అడ్డంగా మెలికలు తిరుగుతూ, సొరంగాల్లో దూరుతూ, శిమిలిగుడ స్టేషన్ దగ్గర 996 మీటర్లకు చేరుతుంది. ఘాట్ భాగంలో దీని వాలు అరవైకి ఒకటి. అరవై మీటర్లు ముందుకు నడిస్తే ఒక మీటరు పైకి. శాతంలో 1.67, డిగ్రీల్లో ఒకటికి కాస్త తక్కువ. రైలుకు అది కష్టమైన ఎక్కుడే. విమానానికి అదెంత అనిపిస్తుంది. కానీ నియమాల పుస్తకం తెరిస్తే వేరే సంగతి కనిపిస్తుంది. రెండు ఇంజన్ల ప్రయాణికుల జెట్ నేల విడిచే సమయంలో ఒక ఇంజన్ ఆగిపోతే, చక్రాలు లోపలికి ముడుచుకున్నాక కనీసం 2.4 శాతం వాలుతో ఎక్కగలిగితే చాలు, ఆ విమానానికి అర్హత పత్రం ఇస్తారు. దారిలో ఉన్న కొండలను దాటుతుందా లేదా అని లెక్క వేసేటప్పుడు ఆ 2.4 నుంచి మరో 0.8 తీసేసి, మిగిలిన 1.6 శాతాన్నే నమ్మాలి. అంటే అరవై రెండున్నరకు ఒకటి. అన్ని టన్నుల లోహం, అంత ఇంధనం, అంత హోరు కలిసి చివరికి హామీ ఇచ్చేది కేకే లైను రైలు ఎక్కే వాలు కన్నా ఒక పిసరు తక్కువే.

ఇందులో ఎవరి నిర్లక్ష్యమూ లేదు. విమానం పైకెక్కడాన్ని మనం మామూలుగా ఊహించుకునే తీరులోనే లోపం ఉంది. రెక్కలు ఎత్తుతాయి, ఇంజన్ తోస్తుంది, ఇంజన్ ఎంత పెద్దదైతే అంత బాగా ఎక్కుతుంది అనుకుంటాం. నిజానికి ఎక్కడం మొత్తం బలం మీద ఆధారపడదు, ఖర్చులన్నీ పోగా మిగిలిన బలం మీద ఆధారపడుతుంది. ఆ మిగులును రెండు రకాలుగా కొలవాలి. ఒకటి కోణం, రెండోది రేటు. ఈ రెండూ ఒకటే అనుకోవడం తేలికపాటి విమానంలో ప్రమాదం. వేగవంతమైన విమానంలోనైతే కొలిచే పద్ధతినే సరిదిద్దుకోవాలి.

ముందు రెండింటి తేడా చూద్దాం. ఎదురుగా కొండ ఉన్నప్పుడు కావలసింది కోణం: ఇంత దూరం పోయేలోగా ఎంత ఎత్తు చేరతాం అన్నది. మేఘాల పైకి తొందరగా చేరాలన్నా, ఇంధనం తక్కువ ఖర్చయ్యే ఎత్తుకు పోవాలన్నా కావలసింది రేటు: ఇన్ని నిమిషాల్లో ఎంత ఎత్తు అన్నది. పైలట్ ముందున్న మామూలు పరికరం రెండోదాన్నే చూపిస్తుంది, నిమిషానికి ఇన్ని అడుగులు అని. మొదటిదాన్ని లెక్క కట్టుకోవాలి. అది కష్టమేమీ కాదు. ఒక నాట్ వేగం అంటే నిమిషానికి సుమారు 101 అడుగులు. కాబట్టి నేల మీది వేగాన్ని నాట్లలో తీసుకుని వాలు శాతంతో గుణిస్తే నిమిషానికి కావలసిన అడుగులు దాదాపుగా వచ్చేస్తాయి. పరికరాల సాయంతో బయలుదేరే మార్గాలకు అంతర్జాతీయంగా పాటించే మామూలు కనీస వాలు 3.3 శాతం. అది ముప్పైకి ఒకటి, కేకే లైనుకు రెట్టింపు. 75 నాట్ల మీద పోయే చిన్న విమానం ఆ వాలును నిలబెట్టుకోవాలంటే నిమిషానికి 250 అడుగులు ఎక్కితే సరిపోతుంది. 150 నాట్లదానికి 500 కావాలి, 300 నాట్లదానికి వెయ్యి. కొండ మాత్రం ఒక్కటే. వేగంగా పోయేవాడికి ఆ కొండ త్వరగా ఎదురవుతుంది, అంతే. పైలట్ల దగ్గర ఇంకో పాత కొలత ఉంది: అరవైలో ఒకటి అంటే ఒక డిగ్రీ. గణితం ప్రకారం అది 57.3లో ఒకటి కావాలి గానీ, గాలిలో నోటి లెక్కకు అరవై తేలిక. కేకే లైను వేసిన ఇంజనీర్లూ ఆకాశంలో పైలట్లూ వేర్వేరు అవసరాలతో ఒకే అంకె దగ్గరికి వచ్చారు.

ఇక ఈ కోణం ఎక్కడినుంచి వస్తుంది? రెక్కల నుంచి అనేది సహజమైన జవాబు, కానీ సరైంది కాదు. స్థిరమైన వేగంతో ఎక్కుతున్న విమానంలో రెక్కలు మోసే బరువు, సమతలంగా ఎగిరేటప్పటి కన్నా కొంచెం తక్కువే. బరువులో కొంత భాగం వాలు వెంట వెనక్కి లాగుతుంది గనుక, ఆ భాగాన్ని ఇంజన్ మోయాలి. నిట్టనిలువుగా ఎక్కే యుద్ధ విమానంలో రెక్కలు బొత్తిగా ఏమీ మోయవు. కాబట్టి లెక్క ఇలా తేలుతుంది: ఇంజన్ ముందుకు తోసే బలం థ్రస్ట్, గాలి వెనక్కి లాగే బలం డ్రాగ్. థ్రస్ట్‌లోంచి డ్రాగ్ తీసేసి, మిగిలినదాన్ని విమానం బరువుతో భాగిస్తే వచ్చేది ఎక్కే కోణం తాలూకు సైన్. దాన్ని వేగంతో గుణిస్తే ఎక్కే రేటు. సూత్రం మొత్తం ఇంతే. దీన్ని చూడగానే ఒక సంగతి తెలుస్తుంది. కోణానికి కావలసింది మిగులు బలం, రేటుకు కావలసింది మిగులు బలాన్ని వేగంతో గుణించగా వచ్చే మిగులు పవర్. ఇవి రెండూ ఒకే వేగం దగ్గర గరిష్ఠం కానవసరం లేదు, కావు కూడా.

దేశంలో ఎన్నో ఫ్లయింగ్ స్కూళ్లలో కనిపించే సెస్నా 172ను తీసుకుందాం. దాని ఎస్ మోడల్ ఇంజన్ 180 హార్స్ పవర్, పూర్తి బరువు 2,550 పౌండ్లు, అంటే 1,157 కిలోలు. సముద్ర మట్టం దగ్గర, ప్రామాణిక వాతావరణంలో అత్యధికంగా నిమిషానికి 730 అడుగులు ఎక్కుతుంది, అదీ 74 నాట్ల వేగం దగ్గర. ఆ వేగమంటే నిమిషానికి సుమారు 7,490 అడుగులు. 730ని దానితో భాగిస్తే 9.7 శాతం, అయిదున్నర డిగ్రీలు. ఇప్పుడు అదే అంకెలను పవర్‌లోకి మార్చి చూస్తే, 1,157 కిలోలను ఆ రేటున ఎత్తడానికి పట్టేది 56 హార్స్ పవర్ మాత్రమే. ఇంజన్ 180 ఇస్తుంటే మూడోవంతు కూడా ఎత్తుగా మారడం లేదు. ప్రొపెల్లర్ దగ్గర కొంత పోతుంది, గాలిని చీల్చుకుంటూ ముందుకు పోవడానికే ఎక్కువ భాగం అయిపోతుంది. ఈ విమానమే గరిష్ఠ కోణంతో ఎక్కాలంటే 62 నాట్లకు తగ్గాలి. ప్రొపెల్లర్ థ్రస్ట్ వేగం తగ్గేకొద్దీ పెరుగుతుంది గనుక నెమ్మదిగా పోతేనే ఏటవాలు పెరుగుతుంది. గడియారం ప్రకారం అది నష్టం, చెట్ల వరుస ప్రకారం లాభం. జెట్‌లో కథ కొంచెం వేరు. దాని థ్రస్ట్ వేగంతో పెద్దగా మారదు కాబట్టి డ్రాగ్ అతి తక్కువగా ఉండే వేగం దగ్గర కోణం గరిష్ఠం. రేటు మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ వేగం దగ్గర గరిష్ఠం. రెండు వేగాల మధ్య దూరం సెస్నాలో 12 నాట్లయితే జెట్‌లో దానికి ఎన్నో రెట్లు.

ముక్కు ఇంకొంచెం పైకెత్తితే కోణం పెరగదా అని అడగవచ్చు. పెరుగుతుంది, కొన్ని సెకన్లు. అది వేగాన్ని అమ్మి ఎత్తు కొనడం. వేగం తగ్గిపోయాక, అంతకన్నా నెమ్మదిగా ఎగరడానికి రెక్కలు ఎక్కువ కోణంలో గాలిని తాకాల్సి వస్తుంది, డ్రాగ్ పెరుగుతుంది, మిగులు తగ్గుతుంది. 62 నాట్ల కింద ముక్కు ఎంత పైకెత్తితే విమానం అంత తక్కువ ఎక్కుతుంది. ఇంకా లాగితే రెక్కల మీద గాలి ప్రవాహం విడిపోయి స్టాల్ అవుతుంది. చిన్న విమానాలు కొండల ముందు కూలిన ప్రమాదాల్లో తరచుగా కనిపించే ఆఖరి అంకం ఇదే. కొండ కనిపిస్తుంది, ముక్కు పైకి లేస్తుంది, అక్కడ అమ్మడానికి వేగం ఉండదు.

సెస్నా పుస్తకంలోని 730 అడుగులు 15 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గరి మాట. కొత్తవలసలో 15 డిగ్రీల మధ్యాహ్నం ఎప్పుడు చూశాం? ఎండాకాలం 40 డిగ్రీల దగ్గర గాలి పలచబడి, నేల మీదున్న విమానం దాదాపు 3,000 అడుగుల ఎత్తులో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. బేగంపేట రన్‌వే అసలే 1,742 అడుగుల ఎత్తులో ఉంది. అక్కడ 42 డిగ్రీల రోజున ఈ లెక్క 5,400 అడుగుల దాకా పోతుంది. మన తీరానికి ఉక్కపోత అదనం. నీటి ఆవిరి గాలికన్నా తేలిక కాబట్టి తడిగాలి పొడిగాలి కన్నా పలచన. తేమ బాగా పట్టిన రోజున గాలి సాంద్రత ఒక శాతం పైగా తగ్గుతుంది, ఇంకో 400 అడుగులు పైకెక్కినట్టు. ఒంటికి పట్టే జిడ్డు చెమట ఇంజన్‌కు కూడా తెలుస్తుందన్నమాట, ఎందుకంటే ఆవిరి ఆక్రమించిన మేరకు ప్రాణవాయువు తగ్గిపోతుంది. మొత్తం మీద 40 డిగ్రీల దగ్గర సెస్నా రేటు 650 దరిదాపుకు పడుతుంది. పలచటి గాలిలో అసలు వేగం ఎక్కువ గనుక కోణం ఇంకా ఎక్కువగా తగ్గి, 9.7 నుంచి 8.3 శాతానికి దిగుతుంది.

ఈ అంకెలతో శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు వైపు ఒక ప్రయాణం కాగితం మీద వేసి చూడండి. సముద్ర మట్టానికి 300 మీటర్ల ఎత్తులో కోట దాటారు. అనంతగిరి దాకా సూటి దూరం 20 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూ. కొండల మీద కొంత వదులు ఉంచుకుని అక్కడికి 1,500 మీటర్లకు చేరాలనుకున్నారు. 20 కిలోమీటర్లలో 1,200 మీటర్లు, అంటే 6 శాతం. కింద 8.3 శాతంతో మొదలైన సెస్నా పైకి పోయేసరికి 6కు దిగుతుంది, సగటు 7. ఒక శాతం చేతిలో ఉంది, చాలు అనిపిస్తుంది. కానీ ఎండాకాలం మధ్యాహ్నం ఈ దారిలో సముద్రం నుంచి కొండల వైపు గాలి వీస్తుంటుంది. వెనక నుంచి 15 నాట్ల గాలి తోస్తే విమానం అదే సమయంలో ఎక్కువ దూరం పోతుంది. ఎక్కే రేటు ఒక్క అడుగు కూడా మారదు, పరికరం ఏమీ తెలియజేయదు, నేలతో పోల్చిన వాలు మాత్రం 7 నుంచి 6కు దిగిపోతుంది. చేతిలో ఉన్న ఆ ఒక్క శాతం గాలికే పోయింది. గాలి కొండను తాకి పైకి లేస్తుంది, అది విమానాన్ని కూడా లేపుతుంది కదా అనే వాదన ఉంది. నిజమే, తూర్పు వాలు మీద అది కలిసొస్తుంది. శిఖరం దాటగానే అదే గాలి కిందికి దిగుతుంది. అరకు నుంచి తిరిగి వచ్చేవాడు ఆ దిగే గాలిలోకి ఎదురుగా వచ్చి కొండను దాటాలి. పైగా ఈ ప్రాంతంలో 1,600 మీటర్లు దాటిన శిఖరాలున్నాయి. అర్మ కొండ, మనవాళ్లు సీతమ్మ కొండ అనేది, 1,680 మీటర్లు. కలిసొచ్చే గాలిని లెక్కలో జమ చేయకుండా, నష్టం చేసే గాలిని మాత్రం ఖర్చు రాసే పద్ధతి ఈ రంగంలో పిరికితనం కాదు.

పెద్ద జెట్‌లో ఈ మిగులు సంగతి ఇంకా పదునుగా బయటపడుతుంది. గుండ్రటి అంకెలు తీసుకుందాం, ఎయిర్‌బస్ ఏ320 తరగతి విమానానికి దగ్గరగా ఉండేవి. బరువు 70 టన్నులు, లేచేటప్పటి వేగం 150 నాట్లు, ఆ వేగం దగ్గర ఒక్కో ఇంజన్ థ్రస్ట్ 95 కిలోన్యూటన్లు. రెక్కల ఫ్లాపులు దించి ఉంటాయి గనుక డ్రాగ్ బరువులో పన్నెండో వంతు, అంటే 57 కిలోన్యూటన్లు. మొత్తం 190లో 57 పోగా మిగులు 133. దాన్ని బరువు 687 కిలోన్యూటన్లతో భాగిస్తే 19 శాతం చిల్లర, పదకొండు డిగ్రీలు. సీటులో వెనక్కి ఆనుకుపోయినట్టు మనకు అనిపించేది ఇదే. ఇప్పుడు ఒక ఇంజన్ పోయింది. థ్రస్ట్ సగమైంది. డ్రాగ్ తగ్గలేదు సరిగదా, ఒకవైపే తోపుడు ఉండటంతో విమానాన్ని తిన్నగా ఉంచడానికి చుక్కాని తిప్పాల్సి వచ్చి 62కు పెరిగింది. 95లో 62 పోగా మిగిలింది 33. వాలు 4.8 శాతం. సగం ఇంజన్లు పోతే ఎక్కే సామర్థ్యంలో ముప్పావు పోయింది. నెలకు ముప్పై వేలు తెచ్చి ఇరవై అయిదు వేలు ఖర్చుపెట్టే ఇంట్లో జీతం ఆరోవంతు తగ్గితే దాచుకునేది ఆరోవంతు తగ్గదు, మొత్తం పోతుంది కదా, ఇదీ అదే లెక్క. ఎండకు ఇంజన్ థ్రస్ట్ పదో వంతు తగ్గిందనుకోండి, ఈ 4.8 కాస్తా 3.4 అవుతుంది. పది శాతం నష్టం ముప్పై శాతం నష్టమైంది. తిరగేసి చూస్తే ఇందులోనే మందు కూడా ఉంది. ఏడు టన్నుల బరువు తగ్గిస్తే వాలు 6.3కు లేస్తుంది. కొండల మధ్య విమానాశ్రయాల్లో ఎండాకాలం మధ్యాహ్నాలు కొన్ని సీట్లు ఖాళీగా వదిలేయడమో, సామాను దించేయడమో జరిగితే అది విమానయాన సంస్థల చాదస్తమని ప్రయాణికులు విసుక్కుంటారు. ఆ ఏడు టన్నుల విలువ ఇదీ.

ఈ ఉదాహరణలోనే ఇంకో తమాషా ఉంది. ఒక్క ఇంజన్‌తో 150 నాట్ల మీద 4.8 శాతం ఎక్కుతున్న జెట్ రేటు ఎంతో కట్టి చూస్తే నిమిషానికి సుమారు 730 అడుగులు వస్తుంది. సెస్నా గరిష్ఠ రేటూ 730. రెండు విమానాల పరికరాలూ ఒకే అంకె చూపిస్తాయి. కానీ సెస్నా వాలు 9.7 శాతం, జెట్‌ది అందులో సగం. ఒకే కొండ ముందు ఒకే రేటుతో ఎక్కుతూ ఒకటి దాటుతుంది, ఇంకొకటి దాటకపోవచ్చు. రేటు చూసి కోణం ఊహించకూడదన్నందుకు ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

విశాఖ విమానాశ్రయం నావికాదళ స్థావరం ఐఎన్ఎస్ డేగాలో భాగం. చుట్టూ సింహాచలం కొండలు, యారాడ కొండ. ఇప్పటి రన్‌వే పొడవు 3,050 మీటర్లు. భోగాపురంలో 3,800 మీటర్ల రన్‌వేతో కొత్తది కట్టినప్పుడు చాలామంది ఆ పొడవు గురించే మాట్లాడారు. నా దృష్టిలో అక్కడ పెద్ద లాభం కొండలకు దూరంగా, తీర మైదానంలో ఉండటం. రన్‌వే విమానాన్ని నేల విడిచే వేగానికి చేరుస్తుంది. ఆ తర్వాతి వాలును థ్రస్ట్, డ్రాగ్, బరువు తేలుస్తాయి, వాటికి రన్‌వే పొడవు తెలియదు. దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. పొడవు మిగిలి ఉంటే పైలట్లు అవసరమైన దానికన్నా ఎక్కువ వేగం పుంజుకున్నాక నేల విడవవచ్చు. ఫ్లాపులు దించిన జెట్ లేచే వేగం, డ్రాగ్ అతి తక్కువగా ఉండే వేగం కన్నా తక్కువే ఉంటుంది కాబట్టి, ఆ అదనపు వేగం డ్రాగ్ తగ్గించి కోణం పెంచుతుంది. ఫ్లాపులు తక్కువ దించి లేచినా ఇదే ఫలితం. అంటే మిగిలిన రన్‌వేను కొంతవరకు కోణంగా మార్చుకోవచ్చు. కానీ ఆ మార్పిడికి హద్దుంది, టైర్ల వేగం, బ్రేకుల శక్తి అడ్డొస్తాయి. కొండ లేకపోవడానికి హద్దు లేదు.

ఇదంతా ఇప్పుడు కంప్యూటర్ కట్టిపెడుతుంది, మనిషి లెక్క ఎందుకు అనేది మరో మాట. కంప్యూటర్ తనకు చెప్పిన బరువును, చెప్పిన ఉష్ణోగ్రతను నమ్ముతుంది. టన్నుల్లో ఒక అంకె తప్పు నొక్కితే అంతే నమ్మకంతో తప్పు జవాబు ఇస్తుంది. అలా తప్పు బరువుతో లేవబోయిన విమానాల ఘటనలు ప్రపంచంలో ఒకటి రెండు కావు. నాట్లను శాతంతో గుణించే మోటు లెక్క ఆ జవాబు సరైన ఊళ్లోనే ఉందో లేదో చెబుతుంది. మోటు లెక్కకు అంతకన్నా పని లేదు.

వేగవంతమైన విమానాల దగ్గరికి వచ్చేసరికి మోటు లెక్క రెండు చోట్ల తప్పుతుంది. మొదటిది జ్యామితి. రేటును విమాన వేగంతో భాగిస్తే వచ్చేది సైన్, నేల మీది వేగంతో భాగిస్తే వచ్చేది టాంజెంట్. సెస్నా అయిదున్నర డిగ్రీల దగ్గర రెండింటి మధ్య తేడా వెంట్రుకవాసి. 45 డిగ్రీల దగ్గర ఒకటి 0.71, రెండోది 1. యుద్ధ విమానం వాలును శాతంలో చెప్పడంలో అర్థం లేదు. విశాఖలో 2013లో నావికాదళం చేర్చుకున్న హాక్ శిక్షణ జెట్ యుద్ధ విమానమంత తీవ్రమైంది కాదు గనుక మధ్యస్థంగా పనికొస్తుంది. దాని గరిష్ఠ రేటు నిమిషానికి 9,300 అడుగులు, సెస్నాకు దాదాపు పదమూడు రెట్లు. 350 నాట్ల మీద ఆ రేటుతో ఎక్కుతున్నదనుకుంటే కోణం 15 డిగ్రీలు. సెస్నాకు మూడు రెట్లు కూడా కాదు. ఆ పదమూడు రెట్లలో ఎక్కువ భాగం వేగం ఇచ్చిందే.

రెండో తప్పు లోతైంది. మనం ఇంతవరకు వేగం స్థిరంగా ఉందనుకున్నాం. స్పీడ్ మీటర్ చూపే అంకె మారకుండా ఎక్కుతున్నా, పైకి పోయేకొద్దీ గాలి పలచబడి అసలు వేగం పెరుగుతూనే ఉంటుంది. ఆ వేగం పెంచడానికీ మిగులు పవర్‌లోంచే ఖర్చవుతుంది. సెస్నా లాంటి విమానంలో ఈ ఖర్చు నూటికి ఒకటి కూడా ఉండదు, వదిలేయవచ్చు. ధ్వని వేగంలో 0.6 వంతు మీద పోయే జెట్‌లో మిగులులో ఆరోవంతు అటే పోతుంది. కాబట్టి ఎత్తును ఒక్కదాన్నే కొలిస్తే లెక్క తప్పుతుంది. వేగంలో దాగిన శక్తిని కూడా ఎత్తుగా మార్చి కలపాలి. వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే ఆ ఎత్తు వస్తుంది. 110 నాట్ల సెస్నా 74కు తగ్గితే దొరికేది 90 మీటర్లు, ఒక గుట్ట ఎత్తు. గంటకు 900 కిలోమీటర్ల వేగంలో దాగిన ఎత్తు 3,190 మీటర్లు, సీతమ్మ కొండకు దాదాపు రెట్టింపు. అందుకే చిన్న విమానంలో ప్రమాదకరమైన ముక్కెత్తుడు, వేగవంతమైన దానిలో చట్టబద్ధమైన పద్ధతి.

ఈ రెండు ఎత్తులనూ కలిపి చూసే ఆలోచన రెండో ప్రపంచయుద్ధం చివర్లో జర్మనీలో, తొలి జెట్ యుద్ధ విమానాల కోసం మొదలైంది. 1954లో అమెరికాలో ఎడ్వర్డ్ రుటోవ్‌స్కీ దాన్ని పూర్తి పద్ధతిగా రాశాడు. ఆర్థర్ బ్రైసన్ 1960ల మొదట్లో కంప్యూటర్‌తో ఎఫ్-4 ఫాంటమ్ విమానం అతి తక్కువ సమయంలో ఇరవై కిలోమీటర్ల ఎత్తుకు చేరే దారి కట్టినప్పుడు వచ్చిన జవాబు చూస్తే, పాత సూత్రం ఎక్కడ విరిగిపోతుందో తెలుస్తుంది. ఆ దారిలో విమానం కొంత ఎత్తు చేరాక కిందికి దూకుతుంది. ధ్వని వేగం దగ్గర డ్రాగ్ ఉన్నట్టుండి పెరిగి మిగులును మింగేస్తుంది. ఆ గండాన్ని ఎక్కుతూ దాటే బదులు దిగుతూ చప్పున దాటేసి, అవతల పుంజుకున్న వేగంతో పైకి లేవడమే తొందరైన దారి. స్థిరంగా ఎక్కే విమానానికి రాసిన సూత్రం ఈ దూకుడును తప్పంటుంది, ఎందుకంటే ఆ క్షణంలో రేటు మైనస్. శక్తి లెక్క మాత్రం అది లాభమేనంటుంది. 1962లో జాన్ యంగ్, తర్వాత చంద్రుడి మీద నడిచిన వాడే, ఫాంటమ్‌తో రెండు రికార్డులు పెట్టాడు. నిలబడ్డ చోటి నుంచి 3,000 మీటర్లకు 34.5 సెకన్లు, 25,000 మీటర్లకు 230 సెకన్లు.

పైకి పోయేకొద్దీ ఏ విమానంలోనైనా మిగులు తగ్గుతుంది. గరిష్ఠ కోణం వేగం, గరిష్ఠ రేటు వేగం ఒకదాని వైపు ఒకటి జరుగుతూ, మిగులు సున్నా అయిన ఎత్తులో కలిసిపోతాయి. కోణం, రేటు రెండూ అక్కడ సున్నా. లెక్క ప్రకారం ఆ ఎత్తుకు చేరడానికి అనంతమైన సమయం పడుతుంది గనుక, చిన్న విమానాలకు నిమిషానికి వంద అడుగులు మిగిలి ఉన్న చోటునే సర్వీస్ సీలింగ్ అంటారు, సెస్నా 172కు అది 14,000 అడుగులు. సెస్నా ఆ గీత దాటి పైకి పెద్దగా పోలేదు. వేగవంతమైన విమానం పోగలదు. 1977 ఆగస్టు 31న అలెగ్జాండర్ ఫెదొతోవ్ మిగ్-25 ఆధారంగా మార్చిన విమానంలో 37,650 మీటర్లకు చేరాడు. అది స్థిరంగా ఎగరగల ఎత్తుకు ఎంతో పైన. అక్కడ ఇంజన్లకు తగినంత గాలి లేదు, రెక్కలకు మోసేంత గాలి లేదు, థ్రస్ట్‌లోంచి డ్రాగ్ తీసేస్తే మిగిలేదీ ఏమీ లేదు. కింద కూడబెట్టిన వేగం ఒక్కటే ఆ విమానాన్ని అంత పైకి మోసుకెళ్లింది.